మన ఊరే కదా, గైడెందుకు?

ఓక్‌విల్‌లో డిసెంబర్ వస్తోందంటే మనవాళ్లలో హైదరాబాద్ టికెట్ల మాటే. తీరా వెళ్లాక పిల్లలకు మనం చూపించేవి చుట్టాల ఇళ్లు, పెళ్లిళ్లు, మాల్స్. చార్మినార్ ముందు ఒక ఫొటో దిగితే పాతబస్తీ అయిపోయినట్టే!

అక్కడ గైడ్ వెంట గల్లీల్లో నడుస్తూ తినే ‘ఫుడ్ వాక్‌’లున్నాయి. ఆ మాటెత్తితే నవ్వుతాం: ‘మన ఊళ్లో చాయ్ తాగడానికి గైడా?’ అదే టొరంటో కెన్సింగ్టన్ మార్కెట్‌లో అలాంటి నడకకు డాలర్లు కట్టడానికి వెనకాడం.

మనకు తెలిసింది రుచి. గైడ్ చెప్పేది ఆ రుచి వచ్చిన దారి. ఇరానీ హోటళ్లు పెట్టింది బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన ఇరానీలు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంకు మూలం అరబ్బుల హరీస్. బార్కస్‌లో ఉన్నది నిజాం సైన్యంలో కొలువుకొచ్చిన యెమెనీల వారసులు. వలస వచ్చినవాళ్ల వంటే ఊరికి పేరు తెచ్చింది. స్కూల్లో లంచ్ డబ్బా తెరవడానికి సిగ్గుపడే మన పిల్లలు వినాల్సిన కథ ఇదే కదా!

ఎంత అనుభవమున్న పనివాడైనా కొత్త సైటుకొస్తే మేం ముందు వెంటబెట్టుకుని తిప్పి చూపిస్తాం. అది చిన్నతనం కాదు, పద్ధతి.

ఈసారి సెలవుల్లో ఒక్క పూట అందుకు కేటాయిద్దాం. వేడివేడిగా దించినవే తినిపిద్దాం. గైడ్ దగ్గర మాత్రం బేరమాడొద్దు. అతను ఇచ్చేది చాయ్ కాదు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న తెలివిడి. దానికి కూలి కట్టడం మనకు తెలియనిదా?