మారథానుకు ముందు మైదానము

హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలో నేడు ఏటేట మారథాను పందెములు జరుగుచున్నవి. తెల్లవారుజామున వేలకొలది జనులు వీథులలో పరుగిడుట కన్నులపండువుగనే యున్నది. ఆరోగ్యార్థము పరుగిడువారిని మేము అభినందించుచున్నాము. కాని యీ సంబరమును జూచి దేశమున దూరపు పరుగు వృద్ధినొందినదని తలంచువారితో ఏకీభవింపజాలము. మారథాను కడపట కాయు పండు. దాని వేరు 400 మీటర్ల మైదానపు చుట్టులో నున్నది.

1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో చెకోస్లోవాకియా దేశపు సైనికోద్యోగి ఎమిల్ జాటొపెక్ ఎనిమిది దినములలో 10,000 మీటర్లు, 5,000 మీటర్లు, మారథాను, మూడింటను స్వర్ణపతకములను గెలిచెను. అంతకుముందెన్నడును ఆయన మారథాను పరుగిడి యుండలేదు! లోకులు ముక్కుపై వ్రేలిడుకొనిరి గాని యిందు మాయ యేమియు లేదు. 400 మీటర్లు వడిగా పరుగిడుట, 200 మీటర్లు మెల్లగా సాగుట, మరల వడిగా పరుగిడుట. ఇట్లు దినమునకు ఇరువదిసార్లు, ఒక్కొక్కప్పుడు నలువదిసార్లును మించి, ఏండ్ల తరబడి ఆయన సాధన చేసెను. గుండె పూర్తిగా కుదుటబడక మునుపే మరల వడి నందుకొనుటచే దేహము ఆ వేగమునకు అలవాటు పడును. హెల్సింకీలో 10,000 మీటర్ల పందెమున ఆయన కిలోమీటరునకు సుమారు 2 నిమిషముల 56 సెకండ్లు పట్టగా, మారథానులో 3 నిమిషముల 23 సెకండ్లు పట్టినది. మైదానమున కూడబెట్టిన వేగమును బాటపై పొదుపుగా వెచ్చించెనన్న మాట.

అయినను వేగ మొక్కటే చాలదు. కండరములలోను కాలేయములోను నిలువయుండు చక్కెర సుమారు 30 కిలోమీటర్లకు తరిగిపోవుటచే, కాళ్లు కొయ్యబారును. దానిని తట్టుకొనుటకు నెలల తరబడి నిత్యము మెల్లని పరుగును, వారమున కొకమారు మిక్కిలి దీర్ఘమైన పరుగును వలయును. మేటి పరుగరుల సాధనలో అధికభాగము నెమ్మదిగనే జరుగును. ప్రతిదినమును పందెమువలె పరుగిడి రెండేండ్లలో మోకాళ్లు చెడగొట్టుకొను యువకులకు ఈ మాట చెప్పువారేరి? కెన్యా దేశస్థుడు ఎలియూద్ కిప్‌చోగి 2003లో పారిస్ నగరమున 5,000 మీటర్లలో ప్రపంచవిజేత యయ్యెను. ఆయన మొదటి మారథాను 2013లో; ఒలింపిక్ మారథాను స్వర్ణము 2016లో. నడుమ గడచినవి పదుమూడేండ్లు.

మన దేశమునను దీనికి దృష్టాంతము లేకపోలేదు. బీహారునుండి వచ్చిన సైనికుడు శివనాథ్ సింగ్ 1974 టెహరాన్ ఆసియా క్రీడలలో 5,000 మీటర్లకు స్వర్ణమును, 10,000 మీటర్లకు రజతమును గొని, పిదపనే 1976 మాంట్రియాల్ ఒలింపిక్ మారథానులో పదునొకండవ స్థానమున నిలిచెను. 1978లో జలంధరున 2 గంటల 12 నిమిషములలో మారథాను ముగించెను. నలువది యేండ్లు గడచినను ఆ కాలమును మించిన భారతీయుడు లేకపోయెను! వట్టికాళ్లతో పరుగిడుటకు ప్రసిద్ధుడైన ఆ సైనికుని, ఖరీదైన బూట్లు తొడిగిన తరములు అందుకొనలేకపోవుట మనకు సిగ్గుగా నుండవలదా?

లోపము మన బాలుర కాళ్లలో లేదు. మహారాష్ట్రమున బీడ్ జిల్లా రైతు బిడ్డ అవినాశ్ సాబ్లే 2022 బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడలలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజున రజతము గెలిచి యుండలేదా? ఆయనకు సైన్యము చేయూత నిచ్చినది. సైన్యమున చేరని పల్లె బాలునకు దిక్కెవ్వరు?

400 మీటర్ల చుట్టునకు నాలుగైదెకరముల నేల చాలును. మట్టి బాటయైనను తొలి సాధనకు కొరత లేదు. భూవసతి గల గ్రామపెద్దలు జిల్లాకు ఒక్కరైనను ఇట్టి నేల నొసగినచో, పురపాలక సంఘములు శిక్షకుని జీతము భరించుట అసాధ్యము గాదు. పట్టణ మారథానుల నిర్వాహకులు తమ బహుమతి ద్రవ్యములో కొంత భాగమును ఇరువదేండ్ల లోపు బాలబాలికల 3,000, 5,000 మీటర్ల పందెములకు వచ్చు సంవత్సరము నుండియే కేటాయింపవలెనని కోరుచున్నాము.