నీళ్లు ఎవరికి? కొల్లేరు లెక్కల్లో లేని గడి

లక్ష్మీ నగర్ గది నుంచి క్యాంపస్‌కు వెళ్తూ రోజూ మెట్రోలో యమున దాటుతాను. ఆ కంపు ఢిల్లీలో ఏటా వార్తే. నేను చదువుతున్న కొల్లేరు ఇక్కడెవరికీ వార్త కాదు.

బుడమేరు బెజవాడ మురుగునూ, తమ్మిలేరు ఏలూరు మురుగునూ కొల్లేటికి మోసుకొస్తాయి. ఏళ్ల రికార్డులు పరిచి సగటు గీత గీయడం తేలికే. కానీ నాచు పట్టిన నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మధ్యాహ్నానికి పెరుగుతుంది, తెల్లవారుజామున పడిపోతుంది. నమూనా సీసా ముంచేది సాధారణంగా పగలు. ఊపిరాడక చేప తేలేది వేకువన. ఆ వేళకు వల పట్టుకుని నీళ్లలో ఉన్నవాడికి తెలిసింది రికార్డుకెక్కదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని ఏ నుంచి ఈ దాకా ఐదు తరగతులు చేసింది. డి అంటే చేపలకూ వన్యప్రాణులకూ పనికొచ్చేది. లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. నీళ్లు దేనికని అడిగే పట్టిక అది, ఎవరికని అడగదు. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేడ్కర్ అడిగింది ఈ రెండో ప్రశ్నే. పశువులు తాగే చెరువది, అంటరానివాళ్లు మాత్రం ముట్టకూడదు.

కొల్లేట్లో 1970లలో మత్స్యకారుల, దళితుల సొసైటీల పేర ఇచ్చిన చేపల చెరువులు చాలావరకు పెత్తందారుల చేతికి పోయాయి. 2006లో గట్లు పేల్చినప్పుడు ఆ పేదల పేర్లే అడ్డం పెట్టారు. మేత, ఎరువు కలిసిన నీళ్లు కొల్లేటికి, డబ్బు ఇంకొకరికి.

అందుకే ప్రతి రీడింగు పక్కన రెండు గడులు కావాలంటాను: నమూనా తీసిన వేళ, ఆ నీళ్లు వాడే పేట. ఇది సైన్సు కాదు సోషియాలజీ అని ఒక పెద్దాయన నవ్వారు. ఆ గడులు నా థీసిస్‌లోంచి తీయలేదు.