బ్రతికుండగా దక్కని మన్నన

క్రీడాకారునికి మైదానమే పుట్టినిల్లు వంటిది. ఆ ఇంటినుండి సాగనంపిన వారే, అతడు గతించిన పాతికేళ్ళ పిదప పిలిచి పేరు చెప్పుకుని కరతాళధ్వనులు చేస్తే, ఆ గౌరవం ఎవరికి చేరినట్లు? అమెరికా బేస్‌బాల్ ఆటగాడు గ్లెన్ బర్క్ ఉదంతం ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

స్వలింగ ప్రేమికుల గౌరవార్థం తాము జరిపే ఆటకు ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టు 2021లో బర్క్ పేరు పెట్టింది. 2022 జూన్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు ఆయన కుటుంబ సభ్యులను తమ మైదానానికి ఆహ్వానించి సత్కరించింది. ఒకప్పుడు ఆయనను వదులుకున్న జట్లు ఈ రెండే కావడం గమనార్హం.

బర్క్ 1952లో ఓక్లాండ్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించాడు. 1976లో డాడ్జర్స్ జట్టులో ప్రవేశించాడు. 1977 అక్టోబరు 2న సహచరుడు డస్టీ బేకర్ ఆ యేటి తన 30వ హోమ్ రన్, అనగా మన క్రికెట్‌లో సిక్సరు వంటి దెబ్బ, కొట్టి తిరిగివస్తుండగా బర్క్ ఎదురేగి చేయి పైకెత్తాడు. బేకర్ ఆ అరచేతిని తన అరచేతితో చరిచాడు. నేడు మన పల్లె పిల్లలు వికెట్ పడినప్పుడల్లా ఇచ్చుకునే ‘హై ఫైవ్’ ఆనాడే పుట్టిందని పలువురి విశ్వాసం.

తోటి ఆటగాళ్ళకు బర్క్ అంటే ప్రాణం. అయితే ఆయన స్వలింగ ప్రేమికుడన్న సంగతి యాజమాన్యం చెవిన పడింది. పెండ్లి చేసుకుంటే విహారయాత్ర ఖర్చులు భరిస్తామని జట్టు అధికారి ఒకరు ఆశ చూపినట్లు, తాను అంగీకరించనట్లు బర్క్ స్వయంగా చెప్పుకున్నాడు. 1978లో ఆయనను ఓక్లాండ్ జట్టుకు మార్చివేశారు. అక్కడా ఆదరణ కరవైంది. ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకముందే ఆయన వృత్తి జీవితం ముగిసింది.

అప్పుడు ఆయనను అక్కున చేర్చుకున్నది శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్వలింగ ప్రేమికుల సాఫ్ట్‌బాల్ లీగ్. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు చెల్లెలు వంటి ఆట. బంతి పెద్దది, మైదానం చిన్నది, బంతిని చేయి క్రిందినుండి ఊపి వేస్తారు. జీతం కోసం గాక, పనిపాటలు ముగించుకుని వచ్చినవారు సరదాకు ఆడే పోటీలవి. ఇటువంటి లీగుల జట్లు నగరాల వారీగా తలపడే వార్షిక పోటీలు 1977లోనే ఆరంభమైనాయి. అక్కడ బర్క్‌ను ఏదీ దాచుకొమ్మని అడిగినవారు లేరు. ఆయన అక్కడి అభిమాన తార. 1982లో ఒక పత్రిక ద్వారా తన సంగతి లోకానికి బాహాటంగా చెప్పగలిగాడు.

అయినను ఆప్యాయత ఒక్కటే మనిషిని నిలబెట్టలేదన్నది ఈ కథలోని చేదు నిజం. స్నేహితుల ఆట మనసుకు ఊరటనిచ్చిందే గాని జీవనోపాధి నివ్వలేకపోయింది. 1987లో కారు ఢీకొని కాలు విరిగింది. మాదకద్రవ్యాలు, జైలు, వీధి బ్రతుకు వరుసగా వచ్చిపడినవి. చివరికి ఎయిడ్స్ సోకి, సోదరి సంరక్షణలో 1995లో, 42 యేళ్ళకే కన్నుమూశాడు. జీవనోపాధి చూపగల స్థోమత ఉన్న పెద్ద జట్లు ఆయనను వదులుకోవడం శోచనీయం.

ఇది దూరదేశపు ముచ్చట అని కొట్టివేయరాదు. మన దేశంలో వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. మరుసటి యేడాదే మన పొరుగున ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లాకు చెందిన నేత కుటుంబపు బిడ్డ, పరుగుల రాణి ద్యుతీ చంద్, తాను ఒక యువతిని ప్రేమిస్తున్నట్లు ప్రకటించింది. సొంత ఇంటినుండే ఆమెకు వ్యతిరేకత ఎదురైన సంగతి విదితమే. చట్టం మారినంత వేగంగా గుమ్మాలు తెరుచుకోవు.

మన ఊరి కబడ్డీ జట్టులోనో, పాఠశాల పరుగుపందెంలోనో అటువంటి బిడ్డ ఉండవచ్చు. ఆ బిడ్డ గెలిచిననాడు మన ఊరి పేరు చెప్పుకుని మురిసిపోతాము. ఆ బిడ్డ మనసులోని మాట చెప్పిననాడు కూడా మన బిడ్డే అనగలమా? పటానికి దండ వేసే రోజు రాకమునుపే, భుజాలపై శాలువా కప్పడం మన చేతిలోని పని.