ఐదు మార్కుల ఊరిసేవ

తెలంగాణమున పదవ తరగతి విద్యార్థులకు 2014-15వ సంవత్సరము మొదలు ప్రతి విషయమునకును 80 మార్కులకు పరీక్షయు, 20 మార్కులకు బడిలోనే గణనయు నేర్పఱచిరి. ఆ యిరువదిలో ఐదు ప్రాజెక్టు పనికి. ఊరి చెఱువును చూచి, రైతునడిగి, సంతలో ధరలు విచారించి, తాను కనుగొన్నదానిని తన మాటలలో వ్రాయుట ఆ పనికి ఉద్దేశము. ఉద్దేశము ఉత్తమమే. ఆచరణ మెట్లున్నది?

మేము జహీరాబాదులో ఒక పుస్తకముల దుకాణమున నిలిచి చూచితిమి. ఒక తండ్రి వచ్చి “నీటి కాలుష్యము ఒకటి, వ్యవసాయము ఒకటి ఇయ్యుడు” అని యడిగెను. దుకాణదారుడు రెండు అట్టలును, కత్తిరించి అంటించు పటములును చేతబెట్టెను. బాలుడు వెంట లేడు; ట్యూషనులో నున్నాడట! పట్టణమునకు చేరువనే నారింజ వాగున్నది. దాని మొగము చూడకయే ఆ బాలుడు నీటిని గూర్చి పండితుడు కానున్నాడు.

మాది న్యాయవాద వృత్తి. “నేను చూడలేదు, ఎవరో చెప్పగా వింటిని” అని సాక్షి పలికినచో ఆ మాట న్యాయస్థానమున సాధారణముగా చెల్లదు. బడిలో మాత్రము చూడనివాని సాక్ష్యమునకే నిండు మార్కులు! ఈ తప్పు బాలునిది కాదు. చూచుటకు వానికి తీరిక నియ్యని పెద్దలది.

2024 నవంబరులో ప్రభుత్వము ఈ 20 మార్కులను తొలగించి నూఱింటికిని పరీక్షయే పెట్టుటకు నిశ్చయించి, కొద్ది దినములలోనే ఆ యేటికి నిలిపివేసినది. బడులు ఇష్టము వచ్చినట్లు మార్కులు పంచుచున్నవని తొలగింపును కోరినవారి వాదము. వాదములో నిజము లేకపోలేదు. కాని తూకపు రాళ్లు దొంగవైనచో రాళ్లను మార్చవలెను గాని, ధాన్యమును పాఱబోయుదురా?

“ఇవి మన పల్లెలలో సాగు పనులా?” యని కొందఱందురు. జవాబు మన పొరుగుననే యున్నది. దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారు 1993లో మాచునూరు గ్రామమున పచ్చసాలె యను బడిని నెలకొల్పిరి. బడికి దూరమైన పేద పిల్లలకు అక్షరములతోబాటు వడ్రంగము, కుండల పని, కుట్టుపని, సేద్యము నేర్పిరి. పదవ తరగతి పరీక్షకును సిద్ధపఱచిరి. చేతికి పని చెప్పిన యంతనే చదువు చెడలేదు.

బడి గోడల కావలను గురువులకు కొదువ లేదు. ఆ మాచునూరుననే 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో మొదలయ్యెను. దానిని నడపినవారు దళిత స్త్రీలు. ఆ సంఘముల స్త్రీలే ఎడ్లబండ్లపై విత్తనముల నుంచుకొని ఊరూర పాత పంటల జాతర జరిపిరి. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది. ప్రపంచము 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించుటకు ఎన్నో యేండ్లు ముందే జొన్న, కొఱ్ఱ, సామల విలువ యెఱిగిన తల్లులు వారు. ఆ యెఱుక ఏ గైడులో దొరకును? మన ఉన్నత పాఠశాలల పిల్లలు వారి ముంగిట కూర్చుండి యడిగి వ్రాసికొన్నచో అదియే ప్రాజెక్టు.

ఈ మాట క్రొత్తది కాదు. 1937లో వార్ధా విద్యాసభ చేతిపనిని చదువునకు నడుమ నిలిపినది. దాని ప్రణాళికను రచించిన సంఘమునకు అధ్యక్షుడు మన హైదరాబాదున జన్మించిన జాకీర్ హుస్సేన్. 1964-66 నాటి కొఠారీ కమిషను పనియనుభవమును, సంఘసేవను బడిలో చేర్చుమన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము సంచి లేని పది దినములు గడుపుమన్నది. కమిటీలకు కొఱత లేదు. కాలు కదపువారే కఱవు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు ఎలెన్ లాంగర్ ఎఱుకతో నేర్చుటను గూర్చి 1997లో ఒక గ్రంథము ప్రకటించినది. “ఇది ఇంతే” యని చెప్పిన పాఠము బుద్ధిని బిగించును. “ఇట్లును కావచ్చును” అని చెప్పినది దానిని మేలుకొలుపునని ఆమె వాదము. ఎండిన బోరుబావి యొద్ద నిలిచిన బాలునకు ఆ “కావచ్చును” ఎవరును నేర్పనక్కఱలేదు. ఎందుకెండినదని వాడే యడుగును.

మేము కోరునవి మూడే. విషయమును విద్యార్థులే యేఱుకొనవలెను. పని తమ వాడలోనే జరుగవలెను: బోరుబావులెన్ని, ఎండినవెన్ని, అవ్వలనాటి విత్తనములలో మిగిలినవేవి? కనుగొన్నదానిని పఠనమందిరములోనో గ్రామసభలోనో నిలిచి చెప్పి, పెద్దల ప్రశ్నలకు జవాబీయవలెను. పిమ్మటనే మార్కులు. కొన్న అట్ట అచ్చట నోరు విప్పజాలదు. చూచిన బాలుడు విప్పగలడు.

దీనివలన ర్యాంకు పోవునని తల్లిదండ్రుల భయము. వారమునకు ఒక సాయంకాలము తన ఊరి కిచ్చినంతనే పోవు ర్యాంకు, ఉన్నను ఎన్నాళ్లుండును?

ఈ పుటను చదువు పెద్దలారా! రేపు మీ పిల్లవాడు అట్ట కొనిపెట్టుమన్నపుడు రూపాయలు తీయకుడు. వాగు గట్టునకు పదమనుడు. వానిని ముందు నడువనిచ్చి, మీరు వెనుక నడువుడు.