సానుభూతికీ ఆస్తి చూపాలా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. అదే రోజు చెన్నైలోని కారపాక్కంలో వరదనీటిలో చిక్కుకున్న నటుడు ఆమిర్ ఖాన్‌ను సహాయక సిబ్బంది పడవలో బయటకు చేర్చారు. ఆ ఛాయాచిత్రం దేశమంతటా తిరిగింది; మన ఇళ్లలోని ఫోన్లకూ వచ్చింది. ఆయన క్షేమాన్ని కోరడంలో తప్పేమీ లేదు. అయితే అదే తుపానుకు నెల్లూరు జిల్లాలో మునిగిన నారుమళ్లను గురించి మనలో ఎందరు విచారించారు?

కృష్ణపట్నం రేవు ముత్తుకూరు మండలంలోనే ఉంది. రేవుకు వచ్చే ఓడకు బీమా ఉంటుంది. దాని పరిసరాల్లోని యానాదుల గుడిసెకు ఉండదు. పరిహారమూ ఆస్తి వెంటే నడుస్తుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారు కార్డు పొందాలంటే భూయజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందన్న భయంతో సంతకానికి వెనుకాడే యజమానులు ఊరూరా ఉన్నారు. పొలంలో నష్టపోయేది ఒకరు, కాగితం మీద నష్టపోయేది మరొకరు! సెంటు భూమిలేని ముస్లిం, దళిత కౌలుదారులు ఈ లెక్కలో ఎక్కడా కనిపించరు.

మన సదఖా సొమ్ము సైతం మస్జిద్ వీధి దాటి ఎంతదూరం వెళుతున్నదో జమాత్ పెద్దలు చెప్పాలి. మరో తుపాను రాకముందే ముత్తుకూరు మండలంలోని కార్డులేని కౌలుదారుల పేర్లు, యానాది కాలనీల పేర్లు రాసి గ్రామసభలో చదివించాలి. ఆ పని జమాత్‌లే మొదలుపెట్టవచ్చు.