పెరటితోట: పిందె నిలుచుటకు పూలపొదలు

గుమ్మడిపాదు విరివిగా పూచియు పిందెలు పండుబారి రాలిపోవుచున్నవని పలువురు గృహిణులు చింతించుచుందురు. కొందఱు దానిని దృష్టిదోషమందురు. మొట్టమొదట చూడవలసినది పుప్పొడి సంగతి యని మేము మనవి చేయుచున్నాము. గుమ్మడికి ఆడపువ్వులు, మగపువ్వులు వేఱువేఱుగా పూయును. ఆడపువ్వు క్రింద పిందె ముందే కనబడినను, మగపువ్వు పుప్పొడి సోకనిచో అది నిలువదు. ఆ పుప్పొడిని ముఖ్యముగా తేనెటీగలే మోసికొనివచ్చును. పాదు పూయని దినములందును మేత దొరకినగాని అవి మన పెరటిని మరగవు.

కావున ఏండ్లతరబడి నిలుచు మన దేశపు పొదలను కొన్నింటిని పెంచుదము. తులసికంకుల నన్నిటిని ఒక్కమాఱే గిల్లివేయక, సగమైనను పూయనిండు. అడ్డసరము కొమ్మ పాతిన బ్రతుకును. మేకలు దానిని మేయవు గాన దడికి తగినది. దాని తెల్లపూలకు తుమ్మెదలు వచ్చును. తంగేడు మెట్టనేలలో స్వల్పమైన నీటితోనే పెరుగును. దాని పూలలో తేనె లేదు. తుమ్మెదలు పువ్వును పట్టుకొని ఝుమ్మని ఒడలదరించి పుప్పొడి రాల్చుకొనును. వేరు లోతుగా దిగును గాన, పెరుగవలసిన చోటనే గింజ వేయవలెను. బతుకమ్మకు పూలు కోయునపుడు కొన్ని కొమ్మలు విడిచిపెట్టుడు.

పూలు విచ్చియున్న వేళ పురుగుమందు చల్లరాదు. పిందెను నిలుపు జీవములే చచ్చును. పొదలు ఎదుగువఱకు, తెల్లవారగనే మగపువ్వును కోసి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దుడు.