కెనడా నవలలో మంచు ఎవరిమీద కురిసింది?

కెనడా నవల అనగానే మన సాహిత్య శాఖలలో ఒక పాఠం సిద్ధంగా ఉంటుంది: అంతులేని మంచు, నిర్జనమైన మైదానం, వాటి నడుమ బతికి బయటపడడానికి తంటాలుపడే ఒంటరి మనిషి. మొన్న మా కళాశాల గోష్ఠిలో ఒక విద్యార్థి చదివిన వ్యాసం సాంతం ఇదే. అతణ్ణి నేను తప్పుపట్టను. అతని చేతికి అందిన విమర్శ గ్రంథాలు నేర్పింది అంతే. నా పేచీ ఆ గ్రంథాలతో.

1965లో 'లిటరరీ హిస్టరీ ఆఫ్ కెనడా'కు ముగింపు రాస్తూ నార్త్రప్ ఫ్రై కెనడావారిది కోట మనస్తత్వమన్నాడు. భీకర ప్రకృతి చుట్టుముట్టగా చిన్న చిన్న సమూహాలు గోడలు కట్టుకొని, లోపల నియమనిష్ఠలతో కాలం గడిపాయట. 1972లో మార్గరెట్ అట్వుడ్ 'సర్వైవల్' గ్రంథంలో బతికి బయటపడడమే ఆ సాహిత్యానికి కేంద్ర ప్రతీక అని తేల్చింది. ఆమెకు న్యాయం చేయాలి. కెనడా ఒక వలస దేశమనీ, అక్కడి లాభం మరొకచోటికి తరలిపోతున్నదనీ ఆమె గుర్తించింది. కాని 'మనం బాధితులం' అన్నప్పుడు ఆ 'మనం'లో ఎవరెవరున్నారు? మిల్లు యజమానీ, మిల్లు కూలీ ఒకే చలికి వణికారా?

అసలు మంచును ఆపడానికి కోట ఎవరు కట్టారు? హడ్సన్ బే కంపెనీ వంటివి కోటలు కట్టింది తోళ్ళ వ్యాపారానికి. ఆ గోడల అవతల ఉన్నది ప్రకృతి ఒక్కటే కాదు, ఆ నేలమీద అంతకుముందునుంచీ ఉన్న మనుషులు కూడా.

గాబ్రియేల్ రాయ్ ఫ్రెంచిలో 1945లో వెలువరించిన 'బొనేర్ దొకాజియొఁ' తీసుకుందాం. ఆ పేరుకు అర్థం 'పాతసామాను సుఖం' అనుకోవచ్చు. రెండేళ్ళకు ఇంగ్లీషులో 'ది టిన్ ఫ్లూట్' అయింది. స్థలం మాంట్రియల్‌లో రైళ్ళ పొగ కమ్మిన సెంట్ హెన్రీ పేట, కాలం 1940. చవక దుకాణంలో ఫలహారాల బల్లదగ్గర పనిచేసే ఫ్లోరెంటీన్, పనిలేని వడ్రంగి తండ్రి అజారియూస్, ఏటేటా వసంతంలో కొత్త అద్దెయిల్లు వెదుక్కుంటూ వీధులు తిరిగే తల్లి రోజన్నా. ఆ నవలలో మంచు లేదా? కావలసినంత ఉంది. అయితే అదే మంచు పైన వెస్ట్‌మౌంట్ ధనికుల మేడలమీద కూడా కురుస్తుంది. అక్కడ అది కిటికీలోంచి చూసే దృశ్యం. కింద అది చిరుగు కోటు, తడిసిన చెప్పు, పిల్లవాడి జబ్బు. చిన్నవాడు డానియేల్ కొండమీది ఇంగ్లీషు ఆసుపత్రికి చేరుతాడు. తల్లికి రాని భాష మాట్లాడే నర్సును ప్రేమిస్తాడు. ఇంట్లో ఎన్నడూ దొరకని ఆటవస్తువులూ, వెచ్చని మంచమూ వాడికి చావు ముంగిట దొరుకుతాయి. చివరకు ఆ కుటుంబాన్ని ఆదుకునేది ఏమిటి? యుద్ధం! అజారియూస్ సైన్యంలో చేరతాడు, భార్యకు నెలనెలా భత్యం వస్తుంది. శాంతికాలంలో పని చూపలేని వ్యవస్థ చంపడానికీ చావడానికీ మాత్రం జీతమిచ్చింది. 'ప్రకృతితో పోరాటం' అనే మాట ఈ నవలకు ఎక్కడ అతుకుతుందో ఆ విమర్శకులే చెప్పాలి.

రిచర్డ్ వాగమీస్ 'ఇండియన్ హార్స్' (2012) ఇంకా సూటిగా దెబ్బతీస్తుంది. ఆదివాసి బాలుడు సాల్‌ను చర్చి నడిపే నిర్బంధ వసతి పాఠశాలలో పడేస్తారు. అటువంటి పాఠశాలలలోకి వెళ్ళిన పిల్లలు సుమారు 1,50,000 మంది. తెల్లవారకముందే లేచి, గడ్డకట్టిన గుర్రపు పేడను బంతిగా చేసుకొని, సాల్ మంచుగడ్డమీద హాకీ నేర్చుకుంటాడు. మంచు వాడికి శత్రువు కాదు, ఉన్న ఒక్క ఆశ్రయం. శత్రువు పాఠశాల.

1914లో 'కోమగాటమారు' ఓడలో వచ్చిన 376 మందిని వాంకూవర్ తీరాన రెండు నెలలు నిలిపి, అత్యధికుల్ని వెనక్కు పంపింది చలిగాలి కాదు, చట్టం. 1942లో ఇరవై వేలకు పైబడిన జపాను సంతతివారిని ఆ తీరంనుంచే వెళ్ళగొట్టి ఆస్తులు అమ్మేసినదీ చట్టమే. జాయ్ కొగావా 'ఒబసాన్' (1981) ఆ కథ.

ఇక శిల్పం మాట. ఈ విమర్శ ఇతివృత్తాన్ని పిండుకొని రచనను పారేస్తుందని ఫ్రాంక్ డేవీ 1970లలోనే కోప్పడ్డాడు. సగం నిజం. 'ఒబసాన్'లో మౌనంగా ఉండే పెద్దమ్మ ఒకపక్క, ఉత్తరాలూ సర్కారు కాగితాలూ పోగుచేసే ఎమిలీ పిన్ని మరొకపక్క. ఆ రెంటి రాపిడే నవల నిర్మాణం. శిల్పాన్ని వదిలేస్తే అన్యాయం ఒక తేదీగా మిగులుతుంది.

మైకేల్ ఒండాత్యె 'ఇన్ ది స్కిన్ ఆఫ్ ఎ లయన్' (1987) విషయంలో నేను మొదట తొందరపడ్డాను. టొరాంటో వంతెననూ నీటి కర్మాగారాన్నీ కట్టిన వలస కూలీలను ఇంత అందంగా రాయడం అపచారమనుకున్నాను. మళ్ళీ చదివితే, తోళ్ళకు రంగులద్దే కార్మికుల ఘట్టంలో ఆ అందాన్ని రచయితే అనుమానిస్తాడు. ఒంటినిండా రంగులున్న ఆ మనుషులకు దక్కేది క్షయ అని గుర్తుచేస్తాడు. అయినా నా ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది. డైనమైటుతో కర్మాగారంలో చొరబడిన పాట్రిక్, అధికారితో మాట్లాడి మాట్లాడి నిద్రపోతాడు! కార్మికుడి ఆగ్రహానికి కవిత్వం జోలపాడింది.

ఐరీన్ బెయిర్డ్ 'వేస్ట్ హెరిటేజ్' (1939)లో ఆ జోల లేదు. 1938లో వాంకూవర్ పోస్టాఫీసును ఆక్రమించిన నిరుద్యోగులపై జూన్ 19న పోలీసులు బాష్పవాయువు వదిలారు. మరుసటి ఏడే వచ్చిన ఈ నవల వాళ్ళ వెంట నడుస్తుంది. శిల్పంలో రాయ్‌కు సాటిరాదు. సంభాషణలు అక్కడక్కడ కరపత్రాలవుతాయి. ఆ లోపాన్ని మనవాళ్ళు కప్పిపుచ్చనక్కరలేదు. కాని అది తిరిగి అచ్చుకావడానికి ముప్ఫయి ఏళ్ళు దాటింది, ఆ కాలమంతా మంచు నవలలు పాఠ్యాలై వర్ధిల్లాయి.

గోష్ఠి ముగిశాక ఆ విద్యార్థి 'వేస్ట్ హెరిటేజ్' ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మా గ్రంథాలయంలో 'సర్వైవల్' ప్రతులు రెండున్నాయి. అది మాత్రం లేదు. తెప్పించమని చీటీ రాసి ఇచ్చాను.